కొత్త టీకా అని ఆగాలా, ఇప్పుడే వేయించాలా? పదమూడేళ్ల పాప తల్లికి నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదమ్మా. గుంటూరులో ఉంటారు, పాపకి పదమూడు నిండాయి, ఎనిమిదో తరగతి. కొత్తపేటలో మీరు చూపించే పిల్లల డాక్టరుగారు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా మన దేశంలోనే తయారైన కొత్త టీకా వచ్చింది, వేయించేయండి అన్నారు. మీ అత్తగారు ఖమ్మంలో పిల్లలు చనిపోయిన సంగతి గుర్తుచేసి వద్దంటున్నారు. మీవారు ఐదేళ్లు ఆగుదాం, నలుగురూ వేయించుకున్నాక చూద్దాం అంటున్నారు. ఇద్దరి మధ్యా మీకు టెన్షన్.

నా మాట ముందే చెప్పేస్తాను. వేయించండి. ఐదేళ్లు ఆగొద్దు, వీలైతే ఐదు నెలలు కూడా ఆగొద్దు. అయితే డాక్టరుగారు చెప్పారనో నేను చెప్పాననో వేయించొద్దు, ఎందుకు వేయిస్తున్నారో మీకు తెలిసి వేయించండి. రేపు మీ అత్తగారు అడిగినా, పాప పెద్దయ్యాక అడిగినా జవాబు చెప్పుకోవాల్సింది మీరే కదా. నేను డాక్టర్ని కాదు, నర్సుని. చాలా ఏళ్లు టీకాల గదిలో, తర్వాత రిటైరయ్యేదాకా క్యాన్సర్ వార్డులో పనిచేశాను. ఈ రెండు చోట్లా చూసినదాన్ని బట్టే రాస్తున్నాను.

కొత్త టీకా అంటే భయపడటం తెలివితక్కువతనం కాదమ్మా. ఆ మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. డెంగీకి ఒక టీకా వచ్చింది, డెంగ్వాక్సియా అని. 2015 చివర్లో అనుమతులు మొదలయ్యాయి, 2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్‌లో బడిపిల్లలకి వేయడం మొదలుపెట్టారు, ఎనిమిది లక్షల మందికి పైగా పిల్లలకి వేశారు. 2017 నవంబరులో ఆ కంపెనీయే బయటికొచ్చి, అంతకుముందు ఒక్కసారి కూడా డెంగీ రాని పిల్లలకి ఈ టీకా వేస్తే, తర్వాత డెంగీ సోకినప్పుడు అది ఇంకా తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉందని చెప్పింది. అక్కడి తల్లుల పరిస్థితి ఊహించుకోండి. ఆ దెబ్బకి వాళ్లు తట్టు టీకాని కూడా నమ్మడం మానేశారు, 2019లో అక్కడ తట్టు విజృంభించి పిల్లలు చనిపోయారు. కాబట్టి మీవారు ఆగుదాం అన్నారంటే ఆ మాటకి ఒక అర్థం ఉంది. కాకపోతే ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తేల్చుకోవాలంటే ఈ టీకాలో కొత్తది ఏంటి, పాతది ఏంటి అని విడదీసి చూడాలి.

ఈ క్యాన్సర్‌కి దాదాపు ప్రతి కేసులోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంగతి కనిపెట్టినందుకే జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. దానికి టీకా 2006 నుంచి ఉంది, గార్డసిల్ అని. మన దేశంలోకి 2008లోనే వచ్చింది, కాకపోతే మనలాంటి ఇళ్లకి అందే ధర కాదు. టీకాలో ఉండేది వైరస్ కాదు. వైరస్ పైన ఉండే పెంకు ప్రోటీన్‌ని ఈస్ట్ కణాల్లో తయారుచేసి ఇస్తారు, లోపల వైరస్ జన్యుపదార్థం ఏమీ ఉండదు. అందువల్ల టీకా వల్ల ఇన్ఫెక్షన్ రావడం, క్యాన్సర్ రావడం అనేది జరిగే పని కాదు. ఈస్ట్‌లో ప్రోటీన్ తయారుచేసి టీకాగా ఇవ్వడం మన తెలుగువాళ్లకి కొత్త కూడా కాదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా అలా తయారైందే. ఇప్పుడు అదే టీకాని బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేస్తున్నాం, మీ పాపకి కూడా చిన్నప్పుడు వేయించే ఉంటారు, కార్డు తీసి చూడండి.

ఇక ఫలితాలు. స్వీడన్‌లో పదహారు లక్షల మందికి పైగా అమ్మాయిల రికార్డులు 2006 నుంచి 2017 దాకా చూశారు. పదిహేడేళ్లలోపు టీకా వేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువ. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకి వేయించుకున్నవాళ్లలో 87 శాతం తక్కువ. స్కాట్లండ్‌లో అయితే 1988 నుంచి 1996 మధ్య పుట్టి, 12, 13 ఏళ్ల వయసులో టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ ఒక్కటి కూడా కనిపించలేదని 2024 జనవరిలో ప్రకటించారు. ఒక్కటి కూడా! క్యాన్సర్ వార్డులో పనిచేసిన నాకు ఆ వార్త చదివినప్పుడు ఏమనిపించిందో మాటల్లో చెప్పలేను.

సరే, ఇదంతా విదేశీ టీకాల గురించి కదా, మరి మనదాని సంగతేంటి అంటారు. సరైన ప్రశ్న. మన సీరం ఇన్‌స్టిట్యూట్ కంపెనీ వాళ్ల సెర్వావాక్ టీకాకి 2022 జూలైలో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి (డీసీజీఐ) అనుమతి వచ్చింది, 2023 జనవరిలో విడుదల చేశారు. మన దేశంలో రెండు వేల మందికి పైగా పిల్లలు, యువతీయువకుల మీద పరీక్షించారు, వాళ్ల రక్తంలో తయారైన యాంటీబాడీలని గార్డసిల్ వేసినవాళ్ల యాంటీబాడీలతో పోల్చారు, ఏ మాత్రం తగ్గలేదని తేలింది. గార్డసిల్‌లో ఉన్న నాలుగు రకాలే, 6, 11, 16, 18, దీంట్లోనూ ఉన్నాయి. క్యాన్సర్ తెచ్చేవాటిలో అసలు ముదుర్లు 16, 18. ప్రపంచం మొత్తం మీద పది కేసుల్లో ఏడు ఈ రెండిటి వల్లే, మన దేశంలో ఇంకా ఎక్కువే.

ఇక్కడ మీకు దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఈ మన టీకా వేసిన పిల్లలు పెరిగి పెద్దయి, వాళ్లకి క్యాన్సర్ రాలేదని చూపించే పదిహేనేళ్ల లెక్క దీనికంటూ సొంతంగా లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే వైరస్ సోకిన దగ్గర్నుంచి క్యాన్సర్ అయ్యేదాకా సాధారణంగా పది, ఇరవై ఏళ్లు పడుతుంది. అందుకని, కొత్త తూకం రాయిని ముద్ర ఉన్న పాత రాయి పక్కన పెట్టి సరిచూసినట్టు, పదిహేనేళ్లు నిరూపించుకున్న టీకా పక్కన పెట్టి దీన్ని చూశారు. ఇది సరిపోతుందా అంటే, నా ఉద్దేశంలో సరిపోతుంది. డెంగ్వాక్సియాకి అలా పక్కన పెట్టి చూడటానికి ముందు ఏ డెంగీ టీకా లేదు, పైగా డెంగీ వైరస్‌కే ఒక వింత గుణం ఉంది, రెండోసారి సోకినప్పుడు మొదటిసారికంటే ప్రమాదం. హెచ్‌పీవీకి అలాంటి గుణం లేదు. ఇంత చెప్పినా మనసు ఒప్పకపోతే గార్డసిల్ కూడా దొరుకుతుంది, డబ్బు ఎక్కువవుతుంది అంతే. ఏది వేయించినా నాకు సంతోషమే.

ఇక మీ అత్తగారి మాట. దయచేసి ఆవిడ మాట కొట్టిపారేయకండి, ఆవిడ చెప్పింది జరిగిన విషయం. 2009 జూలైలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి పాత్ అనే విదేశీ సంస్థ, మన దేశ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ప్రభుత్వం కలిసి ఒక ప్రాజెక్టు కింద గార్డసిల్ వేశారు. సుమారు పద్నాలుగు వేల మంది పిల్లలు. అలాంటిదే గుజరాత్‌లో వడోదరలో కూడా జరిగింది. ఆ తర్వాత రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, ఖమ్మంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు. పెద్ద గొడవ అయింది, 2010 ఏప్రిల్‌లో మొత్తం ఆపేశారు. విచారణలో తేలిన కారణాలు చూస్తే ఒక పాప నీళ్లలో మునిగి, ఒక పాప పాము కరిచి, పురుగుమందు తాగి ఇంకొందరు, మలేరియా ముదిరి ఒక పాప. టీకా వల్ల చనిపోయారని ఒక్క కేసులోనూ తేలలేదు. వేల మంది పిల్లల్ని ఏడాది పాటు గమనిస్తే, టీకా వేసినా వేయకపోయినా, ఏజెన్సీ ప్రాంతంలో కొన్ని ఇళ్లల్లో ఇలాంటి ఘోరాలు జరుగుతూనే ఉంటాయి. టీకా తర్వాత జరిగినదంతా టీకా వల్ల జరిగినట్టు కాదు.

అయినా అక్కడ తప్పు జరిగింది. మామూలు తప్పు కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టారు. ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో కన్నవాళ్లకి తెలియదు. తర్వాత పిల్లకి ఏదైనా అయితే ఎవరికి చెప్పాలో, ఎవరు చూస్తారో ఏర్పాటు సరిగా లేదు. 2013లో పార్లమెంటు కమిటీ ఈ విషయాలన్నీ చాలా గట్టిగా తప్పుపట్టింది. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి పాము కాటు అని చెప్పి, నువ్వు సంతకం పెట్టని ఇంజెక్షన్‌కీ దీనికీ సంబంధం లేదమ్మా అంటే ఎలా నమ్ముతుంది? నేనైనా నమ్మను. టీకాలు వేసే వృత్తిలో ఉన్న మా అందరికీ ఆ మచ్చ అంటింది, అంటాల్సిందే.

మీ పరిస్థితి వేరు. మిమ్మల్ని అడుగుతున్నారు. ఆలోచించుకునే టైముంది, వద్దనే హక్కుంది, ఇంటి దగ్గర డాక్టరుంది, ఏదైనా అయితే పట్టుకుని అడగడానికి మనిషి ఉంది. ఆ పిల్లల తల్లులకి దక్కనివి ఇవే. మీ అత్తగారికి ఈ తేడా చెప్పండి, ఆవిడ అర్థం చేసుకుంటారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. అదే సమయంలో మన దేశంలో వేరే అధ్యయనం కూడా నడుస్తోంది, రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి. 2010లో అన్నీ ఆపమనేసరికి అదీ మధ్యలో ఆగిపోయింది. అప్పటికి 17,000 మందికి పైగా అమ్మాయిలకి కనీసం ఒక డోసైనా పడింది, అందులో దాదాపు 5,000 మందికి ఒక్క డోసే పడి ఆగిపోయింది. వాళ్లని వదిలేయకుండా పదేళ్లు ఓపిగ్గా గమనించారు. ఒక్క డోసు పడినవాళ్లకి కూడా 16, 18 రకాల ఇన్ఫెక్షన్ శరీరంలో తిష్ఠవేయకుండా 95 శాతం రక్షణ ఉందని 2021లో తేలింది. తొమ్మిది నుంచి ఇరవై ఏళ్ల వాళ్లకి ఒక్క డోసైనా సరిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పడానికి మన అమ్మాయిల లెక్క ఒక ముఖ్యమైన ఆధారం. కాబట్టి విదేశాల్లో తెల్లపిల్లల మీద చూశారు, మన ఒంటికి పడుతుందో లేదో అనే అనుమానం కూడా పెట్టుకోనక్కర్లేదు.

ఐదేళ్లు ఆగితే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. పదిహేనేళ్లలోపు అయితే ఈ టీకాకి లేబుల్ ప్రకారం ఆరు నెలల తేడాతో రెండు డోసులు, పదిహేను నిండితే మూడు. చిన్న వయసులో ఒళ్లు యాంటీబాడీలు బాగా తయారుచేస్తుంది, అందుకే ఆ తేడా. అంతకంటే ముఖ్యమైనది, ఈ టీకా వైరస్ సోకకముందే పనిచేస్తుంది. సోకాక వేస్తే ఆ సోకినదాన్ని పోగొట్టదు. అందుకే పెళ్లి కుదిరాక చూద్దాం అనే మాట నాకు అసలు నచ్చదు. మాట్లాడటానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిందే, ఇది దాంపత్య జీవితంలో సోకే వైరస్, భర్త ఒక్కడితోనే కాపురం చేసిన ఆడవాళ్లకి కూడా వస్తుంది. నేను వార్డులో చూసినవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. ఈ టీకా వేయిస్తే పిల్లకి ఏదో సంకేతం ఇచ్చినట్టు అవుతుందేమో అని కొందరు తల్లులు నా చెవిలో గొణిగేవాళ్లు. హెపటైటిస్-బి కూడా అలా సోకే అవకాశం ఉన్నదే, పసిగుడ్డుకి వేయించేటప్పుడు ఎవరైనా ఆ మాట అన్నారా?

జపాన్‌లో ఆగి చూశారు. 2013లో టీకాని జాతీయ కార్యక్రమంలో చేర్చిన రెండు నెలలకే ఒళ్లు నొప్పులు, వణుకు అని టీవీల్లో వార్తలు వచ్చేసరికి ప్రభుత్వం గట్టిగా చెప్పడం మానేసింది. డెబ్బై శాతం దాకా వేయించుకుంటున్న పిల్లలు ఒక్క శాతం కంటే తక్కువకి పడిపోయారు. ఆ లక్షణాలు టీకా వేయించుకోని పిల్లల్లోనూ అలాగే ఉన్నాయని పరిశీలనలో తేలింది, కానీ మళ్లీ మామూలుగా సిఫారసు చేయడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. ఆ మధ్యలో వయసు దాటిపోయిన అమ్మాయిల్లో దాదాపు ఐదు వేల మంది, టీకా పడి ఉంటే బతికేవాళ్లు, ఈ జబ్బుతో చనిపోతారని అంచనా వేశారు. ఆగడానికి కూడా ఖరీదుంటుంది, అది ఇరవై ఏళ్ల తర్వాత ఇంకెవరో కడతారు.

ఆ ఖరీదు ఎలా ఉంటుందో దగ్గరగా చూసినదాన్ని. సత్తెనపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది, మిరప కోతలకి వెళ్లే మనిషి, యాభై కూడా లేవు. ఏడాదిగా తెల్లబట్ట, మధ్యలో రక్తం కనిపిస్తే ముట్లుడిగే వయసు కదా అని ఊరుకుంది. నడుం నొప్పి భరించలేక వచ్చేసరికి జబ్బు పక్కలకి పాకేసింది, ఒక మూత్రపిండం అప్పటికే వాచింది. వాసన వస్తోందని కూతురు కూడా పక్కన కూర్చోవడం లేదని చెప్పి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. డ్రెస్సింగ్ మార్చిన ప్రతిసారీ సారీ అమ్మా, సారీ అమ్మా అనేది. ఆవిడ ఎందుకు సారీ చెప్పాలి? మన దేశంలో 2022లో కొత్తగా లక్షా ఇరవై ఏడు వేల మందికి ఈ జబ్బు వచ్చింది, దాదాపు ఎనభై వేల మంది చనిపోయారు. దాదాపు అందరికీ రాకుండా ఆపగలిగిన జబ్బు ఇది.

ఈ టీకా వేయిస్తే పిల్లలు పుట్టరు అనే ప్రచారం వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. 27 కోట్ల డోసులు పంపిణీ అయ్యాక, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా కమిటీ అన్ని లెక్కలూ చూసి అలాంటిదేమీ లేదని చెప్పింది. మన జిల్లాల్లో కడుపు పండకుండా చేసేది నిజంగా ఏదైనా ఉందంటే అది తెల్లబట్టకి భయపెట్టి ముప్పై ఐదేళ్లకే గర్భసంచి తీసేయడం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. క్యాన్సర్ వస్తుందేమోనని ఆపరేషన్‌కి ఒప్పుకుంటాం, క్యాన్సర్ రాకుండా ఇంజెక్షన్ అంటే భయపడతాం. ఇది నన్ను ఎన్నాళ్లుగానో బాధపెడుతున్న విషయం.

ఇక వేయించే రోజు సంగతి. ముందు మీ వార్డులో ఏఎన్ఎంని కలిసి, మీ పాప వయసుకి ప్రభుత్వం తరఫున ఉచితంగా ఇచ్చే అవకాశం ఉందేమో కనుక్కోండి. ప్రైవేటులో అయితే మన టీకా డోసు ధర ఇప్పుడెంతో అడగండి. ఆ టీకా సీసాని మెడికల్ షాపులో కొని మీరే సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని మాత్రం వద్దు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాల్సిన మందు అది, మన గుంటూరు ఎండలో బ్రాడీపేట నుంచి కొత్తపేట వెళ్లేలోపు వేడెక్కిపోతుంది. గడ్డకట్టినా పాడైపోతుంది, కొన్ని చోట్ల ఐస్ గడ్డల మీదే పెట్టి తెస్తారు, అదీ తప్పే. వేసే ముందు సీసా చూపించమనండి, పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. నర్సు సీసాని కదిపినప్పుడు సమానంగా మబ్బుగా ఉండాలి, పలుకుల్లాంటివి తేలుతూ ఉంటే వేయించొద్దు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, నన్ను అడిగిన తల్లుల మీద నాకు గౌరవం పెరిగేదే కానీ తగ్గేది కాదు.

పాపకి అంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం లాంటి తీవ్రమైన అలర్జీ వచ్చిందా, ఈస్ట్ పడదా, రక్తం త్వరగా గడ్డకట్టని సమస్య ఉందా, వ్యాధినిరోధక శక్తి తగ్గించే మందులు ఏవైనా వాడుతున్నారా, ఇవి ముందే డాక్టరుకి చెప్పండి. జ్వరంగా ఉంటే తగ్గాక వెళ్లండి. ముట్టు రోజులైనా వేయించవచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. ఈ వయసు పిల్లలు మందు వల్ల కాకుండా సూది భయంతోనే కళ్లు తిరిగి పడిపోతుంటారు, వేయించాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి, వెంటనే స్కూటీ ఎక్కించకండి. చెయ్యి నొప్పి, కొంచెం వాపు, ఒక రోజు జ్వరం, తలనొప్పి రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి.

పాపకి కూడా చెప్పండి. ఏదో బలం ఇంజెక్షన్ అని అబద్ధం చెప్పొద్దు. పెద్దయ్యాక ఆడవాళ్లకి వచ్చే ఒక క్యాన్సర్ రాకుండా ఇప్పుడే వేస్తున్నారు అంటే పదమూడేళ్ల పిల్లకి చక్కగా అర్థమవుతుంది. దాన్ని అడిగి, ఒప్పించి తీసుకెళ్లండి.

చివరగా మీ గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఉందంటే మీకు ముప్పై ఐదు అటూ ఇటూ ఉంటాయి అనుకుంటున్నాను. మీకు ఈ టీకాకంటే పరీక్ష ముఖ్యం. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషీ చేయించుకోవాలి, గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ అయినా, హెచ్‌పీవీ పరీక్ష అయినా, ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే వీఐఏ పరీక్ష అయినా. వీఐఏకి పట్టేది కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు. మన ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) గైనిక్ ఓపీలో అడగండి, లేదా మీకు కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లండి. టీకా పడిన మీ పాప కూడా ముప్పై దాటాక ఈ పరీక్ష చేయించుకోవాల్సిందే, ఎందుకంటే టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు. మీ అత్తగారికి కూడా చేయిద్దాం అని అడిగి చూడండి. ముట్లుడిగాక కూడా రక్తం కనిపించే పనైతే అడగడం కాదు, వెంటనే తీసుకెళ్లాలి.

టీకా కార్డు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, రెండో డోసు తేదీ డాక్టరుగారితోనే రాయించుకోండి. ఆ తేదీ పరీక్షల్లో పడితే ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మళ్లీ మొదటినుంచి వేయించాల్సిన పని లేదు. మీవారికి ఇంకా అనుమానాలుంటే ఆయన్నే రాయమనండి, నాకు తెలిసినంతవరకు జవాబు చెప్తాను.